పండ్లు లేని తాతకు పంటి పురుగులు

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఎవరికైనా పన్ను నొప్పి లేస్తే వాళ్ల కాళ్లు వాటంతటవే మా ఇంటి దారి పట్టేవి. మా అవ్వ, అంటే మా నాయనను కన్నతల్లి, పంటి పురుగులు తీసేది. ఆత్మకూరుకు రెండు కోసుల దూరంలో ఎర్రమట్టి చేల మధ్య ఉన్న చిన్న ఊరు మాది. అయినా అవ్వ పేరు ఊరు దాటి పోయింది. కృష్ణకు అవతలి ఒడ్డు నుంచి కూడా పుట్టి ఎక్కి వచ్చేవారు. తువ్వాలతో దవడ కట్టుకుని, తల ఒక పక్కకు వంచి ఎవరైనా వాకిట్లో నిలబడితే ఎందుకు వచ్చారని మేము అడిగేవాళ్లం కాదు. నేరుగా పోయి పొయ్యి ముట్టించేవాళ్లం.

ఆ వైద్యం ఎట్లా చేసేదో నాకు ఇప్పటికీ పొల్లు పోకుండా గుర్తుంది. చేల గట్ల మీద నేలకు అంటుకుని, ఒళ్లంతా ముళ్లతో వాకుడు మొక్క పెరుగుతుంది. దాని కాయలు పండితే పసుపుపచ్చగా ఉంటాయి. వాటిని ఎండబెట్టి, గింజలు తీసి అవ్వ ఒక రేకు డబ్బాలో దాచుకునేది. అరిగిపోయిన నాగటి కర్రును పొయ్యిలో ఎర్రగా కాల్చి, నీళ్లు పోసిన వెడల్పాటి పళ్లెంలో ఇటుక ముక్క పెట్టి, దాని మీద ఆ కర్రును ఉంచేది. నూనెలో తడిపిన గింజలు చిటికెడు దాని మీద చల్లి, అడుగున చిల్లు పొడిచిన చిన్న కుండను పైన బోర్లించేది. చిల్లులోంచి పొగ లేస్తుంటే నొప్పి ఉన్నవాళ్లు దాని మీద నోరు తెరిచి పెట్టాలి. కళ్ల వెంట నీళ్లు, నోటి వెంట చొంగ ధారగా కారేవి. కాసేపటికి కుండ ఎత్తితే పళ్లెం నీళ్లలో సన్నగా, తెల్లగా, కొస వంకర తిరిగిన పురుగులు తేలుతూ ఉండేవి. ఇన్నాళ్లూ నన్ను పీక్కుతిన్నవి ఇవేనా అన్నట్టు వాళ్లు వాటిని చూసేవారు. చాలామందికి అక్కడికక్కడే నొప్పి తగ్గేది కూడా. అవ్వ ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు. మరీ బలవంతం చేస్తే ఒక బెల్లం ముక్క తీసుకుని నా చేతిలో పెట్టేది.

అవ్వ పేరు వల్ల నేను కొంచెం ఎక్కువే మిడిసిపడ్డాను. బడిలో నా పలక ఎవరైనా ముట్టుకుంటే, మీ అమ్మకు పన్ను నొచ్చినప్పుడు మా అవ్వ పొగ పెట్టదు చూడు అని బెదిరించేదాన్ని. ఆ బెదిరింపు బాగానే పనిచేసేది. అవ్వ తర్వాత ఆ రేకు డబ్బా నాకే వస్తుందని, నా కోసం కూడా పుట్టి ఎక్కి జనం వస్తారని కలలు కనేదాన్ని. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు ఉంటాయేమో.

ఇంత పేరున్న ఇంట్లో పళ్లు ఎట్లా కడుక్కోవాలో మాత్రం ఎవరికీ తెలియదు. పొద్దున లేస్తే పొయ్యిలో బొగ్గు, లేకపోతే ఇటుక పొడి, మగవాళ్లకు వేపపుల్ల. ఆడవాళ్లలో సగం మంది తంబాకు కాల్చి పొడి చేసుకుని చిగుళ్లకు రాసుకునేవారు. అది రాసుకోకపోతే తల తిరిగినట్టు ఉంటుందని చెప్పుకునేవారు. రాత్రి అన్నం తిన్నాక నోరు పుక్కిలించడం మేము చూడనే లేదు. పిల్లల నోట్లోకి ఎవరూ తొంగి చూసేవారు కాదు. పిల్లవాడు ఏడిస్తే అప్పుడు చూసేవారు, చూసి మా అవ్వ దగ్గరికి తెచ్చేవారు.

మా పక్కిల్లు సాయిబులది. వాళ్ల నాయన సైకిల్ మీద ఊరూరా తిరిగి గాజులు అమ్మేవాడు. వాళ్ల పెద్దకూతురు నాకు అక్క. సొంత అక్క లేని నాకు తల దువ్వింది ఆమె, సూదిలో దారం ఎక్కించడం నేర్పింది ఆమె. ఆమెకు పదహారో పదిహేడో ఉంటాయి. గద్వాల నుంచి ఒక సంబంధం వచ్చి మాటలు నడుస్తున్నాయి. ఆ ఏడు వానలు పడ్డాక అక్కకు కింది దవడ పన్ను నొప్పి మొదలైంది.

మొదటిసారి పొగ పెడితే తగ్గింది. వారం తిరగకుండానే మళ్లీ లేచింది. రెండోసారి పెడితే రెండు రోజులు ఆగింది. మూడోసారి పొగ పెట్టే నాటికి బుగ్గ ఉబ్బి కన్ను సగం మూసుకుపోయింది. అయినా పురుగులు మాత్రం ప్రతిసారీ పడుతూనే ఉన్నాయి. లోపల ఇంకా ఉన్నట్టున్నాయి, ఇంకొక్కసారి పెడితే ఊడ్చుకుపోతాయని అవ్వే చెప్పింది. నేనూ ఊడ్చుకుపోతాయనే అనుకున్నాను. అక్క రొట్టె తినడం మానేసి గంజి తాగింది, తర్వాత గంజి మింగడం కూడా కష్టమైంది. నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకునేది కాదు. ఒళ్లు కాలిపోయేది. నేను పోయి పక్కన కూచుంటే నా చెయ్యి పట్టుకుని వదిలేది కాదు.

గాజుల మామ వనపర్తికి తీసుకుపోదామన్నాడు. అక్కడ ఒక పండ్ల డాక్టరు ఉన్నాడని సంతల్లో విన్నాడట. అక్క వాళ్ల అమ్మ ససేమిరా అంది. పన్ను పీకితే కంటి నరం తెగి చూపు పోతుందని ఆమె భయం. ఆ మాట మా అమ్మ కూడా అనేది, ఊళ్లో అందరూ అనేవారు. పైగా పెళ్లి కావలసిన పిల్ల, దవడ మీద కోత పడితే మొహం ఏం కాను అని ఆమె ఏడ్చేది. పక్కనే మా అవ్వ ఉండగా ఎక్కడికో ఎందుకు పోవాలని కూడా అనేది. ఆ మాట వింటే నాకు గర్వంగా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం అవ్వ, అమ్మ, నాయన చేలో బుడ్డలకు, అంటే వేరుశనగకు, కలుపు తీయడానికి పోయారు. ఇంట్లో నేనూ తాతా ఉన్నాం. రేపో ఎల్లుండో అక్కకు మళ్లీ పొగ పెట్టాలి కదా, అవ్వ చేతికి రాని పురుగులు నా చేతికి వస్తాయేమో అని నా బుర్రలో ఒక ఆలోచన పుట్టింది. అయితే ముందు చెయ్యి తిరగాలి, అందుకు ఒక రోగి కావాలి. తాత మంచం మీద ఊరికే కూచుని ఉన్నాడు. నీకు పురుగులు తీస్తాను రా అన్నాను.

"పండ్లున్నప్పుడు మీ అవ్వ ఒక్కసారన్న నా నోరు చూడలే. ఇప్పుడు నువ్వన్న చూడు బిడ్డా" అంటూ తాత లేచాడు. కర్రు కాల్చి పట్టకారుతో తీసి ఇటుక మీద పెట్టింది తాతే, నన్ను నిప్పు దగ్గరికి రానివ్వలేదు. గింజలు నేను చల్లాను, కుండ నేను బోర్లించాను. తాత బుద్ధిమంతుడిలా నోరు తెరిచి చిల్లు మీద వంగాడు. దగ్గాడు, చీదాడు, కళ్లు తుడుచుకున్నాడు, మధ్యలో నన్ను చూసి కన్ను గీటాడు. కుండ ఎత్తితే నీళ్లలో పురుగులే పురుగులు. అవ్వకు కూడా ఒక్కసారికి అన్ని పడగా నేను చూడలేదు. నాకు గాలిలో తేలినట్టు అయింది.

సాయంత్రం అవ్వ గడపలో అడుగు పెట్టీ పెట్టకముందే పళ్లెం తెచ్చి చూపించాను. తాత పండ్లలోంచి ఇన్ని తీశానని చెప్పాను. అవ్వ తల మీది గంప దించి, పళ్లెం చూసి, తాత వైపు చూసింది. తాత నోరంతా తెరిచి నవ్వాడు. ఆ నోట్లో ఒక్క పన్ను కూడా లేదు. అప్పటికి చాలా ఏళ్ల కిందటే అన్నీ ఊడిపోయాయి. ఆ సంగతి రోజూ తాతకు రొట్టె పాలలో నానబెట్టి ఇచ్చే నాకు తెలియదా అంటే తెలుసు. కానీ ఈ రెండు సంగతులు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాలని నాకు తోచలేదు.

"పండ్లే లేనోనికి పురుగులు యాడికెల్లి వచ్చినయే" అంది అవ్వ. ఆ మాట నన్ను అడిగినట్టు లేదు.

కాళ్లు కూడా కడుక్కోకుండా ఆమె మళ్లీ పొయ్యి రాజేసింది. కర్రు కాల్చి, గింజలు చల్లి, కుండ బోర్లించి, ఈసారి ఎవరినీ పిలవకుండా ఊరికే కూచుంది. పొగ లేచి చూరు వైపు పోయింది. కుండ ఎత్తితే నీళ్లలో మళ్లీ అవే తెల్లటివి. అవ్వ ఒకదాన్ని వేలి కొసకు ఎత్తుకుని వెలుతురులో చాలాసేపు చూసింది. తర్వాత డబ్బాలోంచి నాలుగు గింజలు తీసి నీళ్లలో వేసి, నానాక ఒకదాన్ని గోటితో చీల్చింది. లోపల సన్నగా, తెల్లగా, కొస వంకర తిరిగి ఒకటి ముడుచుకుని ఉంది. ప్రతి ఏడూ విత్తనాల బుడ్డలు, విత్తనాల జొన్నలు తన చేత్తో ఏరి పెట్టే మనిషి అవ్వ. ఏ గింజ మొలుస్తుందో ఏది మొలవదో కొరికి చూసి చెప్పేది. అది పురుగు కాదని ఆమెకు ఎవరూ చెప్పక్కర లేదు. అది గింజలోని మొలక. వేడికి గింజ చిట్లి బయటికి ఎగిరి నీళ్లలో పడుతోంది.

తాత ఏదో హాస్యమాడబోయి అవ్వ మొహం చూసి ఊరుకున్నాడు. అవ్వ తాతను అడిగింది. "మా అత్త గూడ తెల్వకనే చేసిందంటవా?" ఆ విద్య ఆమెకు అత్తగారి దగ్గర నుంచి వచ్చింది. ఆమె తాతకు కన్నతల్లి. "ఆమె అబద్ధం జెప్పే మనిషి గాదు" అన్నాడు తాత. అవ్వ తల ఊపింది. నేను ఏదో పెద్ద తప్పు చేశానని నాకు భయం వేసి ఏడుపు మొదలుపెట్టాను. అవ్వ నన్ను దగ్గరికి తీసుకుంది.

వెంటనే పక్కింటికి పోయింది. నేనూ కొంగు పట్టుకుని పోయాను. నా పొగతో అయ్యే పని కాదు, పొద్దున్నే బండి కట్టించుకుని వనపర్తికి తీసుకుపో అని అక్క వాళ్ల అమ్మకు చెప్పింది. మెల్లగా, ఎవరినీ నొప్పించకుండా చెప్పి ఊరుకోవచ్చని అనుకున్నట్టుంది. కానీ ఆ తల్లి వినలేదు. నీ చేతి మీద మాకు నమ్మకం ఉంది, నువ్వే భయపడితే ఎట్లా, ఇంకొక్కసారి పెట్టు పెద్దమ్మా అని కాళ్లకు అడ్డం పడింది. అవ్వ మాట మీద కంటే అవ్వ పేరు మీదే ఆమెకు గురి ఎక్కువ. లోపల అక్క మూలుగుతూ ఉంది. వాపు బుగ్గ దాటి దవడ కిందికి, మెడ వైపు దిగింది.

మరుసటి పొద్దున అవ్వ కర్రు, కుండ, పళ్లెం, రేకు డబ్బా అన్నీ పక్కింటి వాకిట్లోకి మోయించింది. తాత తలకు రుమాలు చుట్టుకుని పెళ్లికి పోయేవాడిలా తయారై వచ్చాడు. పిల్లకు పొగ పెడుతున్నారని తెలిసి వాడకట్టు ఆడవాళ్లు, చేలకు పోయే మగవాళ్లు కూడా ఆగారు. అవ్వ అక్కను పిలవలేదు. తాతను కూచోబెట్టి నోరు తెరిచి అందరికీ చూపించమంది. అందరూ నవ్వారు. పొగ పెట్టింది. తాత దగ్గాడు. కుండ ఎత్తి పళ్లెం చుట్టూ తిప్పి చూపించింది. ఇంకా నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే నవ్వడం ఆపారు.

అవ్వ నానబెట్టిన గింజ ఒకటి గోటితో చీల్చి మొలక తీసి పళ్లెంలో వాటి పక్కన వేసింది. రెండూ ఒక్కటేనని అక్కడున్న ఏ రైతుకూ విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది. అప్పుడు ఒక పెద్దమనిషి లేచాడు. ఆయనకు అవ్వ రెండుసార్లు పొగ పెట్టింది. "గన్నేండ్లు మమ్ముల మోసం జేసినవా?" అన్నాడు.

"మోసం జెయ్యలే. నాకు తెల్వకుండె. నిన్న పొద్దుగూకంగ తెలిసింది" అంది అవ్వ. "తెలిసినంక గూడ పొగ వెడితే గప్పుడు మోసమైతది. పన్నుల ఏమున్నదో నాకు తెల్వదు. తెలిసినోని దగ్గరికి పోదాం."

ఆయన ఉమ్మేసి వెళ్లిపోయాడు. ఇంకొకామె, నా నొప్పి మాత్రం తగ్గింది కదా అని సణిగింది. అవ్వ మాత్రం అక్క వాళ్ల అమ్మనే చూస్తూ నిలబడింది. ఆ తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ, మరి కన్ను పోతే ఎట్లా పెద్దమ్మా అని అడిగింది. కన్ను పోతుందో పోదో కూడా నాకు తెలియదు, ఆ డాక్టరునే అడుగుదాం, పిల్లను ముట్టకముందే అడుగుదాం అంది అవ్వ. "నేను గూడ వస్త. నువ్వు ఆడ ఒక్కదానివి ఉండవు." ఆ మాటకు ఆ తల్లి లేచింది. గాజుల మామ అప్పటికే బండి అడగడానికి పరుగెత్తాడు.

అక్క నా చెయ్యి వదలలేదు కాబట్టి నన్నూ బండి ఎక్కించారు. ఆత్మకూరులో బస్సు కోసం నిలబడ్డాం. బస్సులో ప్రతి కుదుపుకూ అక్క కళ్లు మూసుకునేది. వనపర్తిలో డాక్టరు ఇల్లు దొరకడానికి ఇద్దరు ముగ్గురిని అడగాల్సి వచ్చింది. ఆయన నడివయసు మనిషి, గొంతు పెంచకుండా మాట్లాడేవాడు. నేను ఆయన కుర్చీని చూసి సగం భయపడ్డాను, సగం ఎక్కి కూచోవాలనుకున్నాను.

అవ్వ మొదట అడిగింది కంటి సంగతే. ఆయన విసుక్కోలేదు. పన్ను నరం వేరు, కంటి నరం వేరు అని తన మొహం మీదే వేలితో గీసి చూపించాడు. తర్వాత అక్కను పరీక్షించి, చీము మెడకు దిగుతోందని, గొంతు దాకా వాస్తే ఊపిరి ఆడదని, ఇంకో రెండు రోజులు ఇంట్లో పెట్టుకుని ఉంటే చెప్పలేమని అన్నాడు. నోటి లోపలి నుంచే కోసి చీము తీశాడు. మొహం మీద గీత పడలేదు. సూదులు వేయడానికి నాలుగు రోజులు దవాఖానలో ఉండాలన్నాడు, జ్వరం దిగాక పన్ను తీస్తానన్నాడు.

ఆ పని అయ్యాక అవ్వ ఒక తప్పు చేసిన పిల్లలా ఆయన ముందు నిలబడి పొగ సంగతి అంతా చెప్పేసింది. కర్రు, కుండ, గింజలు, అత్తగారు, తాత, ఏదీ దాచలేదు. ఆయన మొత్తం విన్నాడు. వేడికి, పొగకు కాసేపు తిమ్మిరెక్కి నొప్పి తెలియదని, లోపల కుళ్లు మాత్రం దాని పని అది చేసుకుంటూ పోతుందని చెప్పాడు. మరి పురుగు కాకపోతే పన్ను ఎందుకు పుచ్చుతుందని అవ్వ అడిగింది. తిన్నది పళ్ల సందుల్లో ఇరుక్కుని, అందులోనూ తీపి, రాత్రంతా అట్లాగే ఉండిపోతే పన్ను మెత్తబడుతుందన్నాడు. నొప్పి వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైందని, మొదట పన్ను మీద చిన్న నల్ల మచ్చ పడుతుందని అన్నాడు. ఆ మచ్చ ఎట్లా ఉంటుందో నాకు చూపించు అంది అవ్వ.

చూపించడానికి ఆయనకు ఒక నోరు కావాలి కాబట్టి నన్ను కుర్చీ ఎక్కించాడు. నేను మహారాణిలా కూచుని నోరు తెరిచాను. ఆయన చిన్న అద్దం పెట్టి అవ్వను వంగి చూడమన్నాడు. నా దవడల్లో ఒకటి కాదు, రెండు పుచ్చుపళ్లు ఉన్నాయి. పురుగుల వైద్యం చేసే అవ్వ ముద్దుల మనవరాలికి. జనం తెచ్చిన బెల్లం ముక్కలన్నీ ఎవరి నోట్లోకి పోయాయో ఆయనకు తెలియదు కానీ అవ్వకు తెలుసు. ఆమె చాలాసేపు అద్దంలోకి చూసింది. "నా ఇంట్లనే, నా కండ్ల ముందటనే" అని గొణిగింది. తర్వాత డాక్టరు ఆమె చిగుళ్లు కూడా చూసి, ఈ తంబాకు మానెయ్యమ్మా అన్నాడు. అవ్వ అప్పటికప్పుడు మానేసిందని చెబితే మీరు సంతోషిస్తారు కానీ, మానడానికి ఆమెకు రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ ఇంట్లో అందరితో కయ్యమే.

నేను ఆ సాయంత్రం గాజుల మామతో ఊరికి వచ్చేశాను. అవ్వ మాత్రం చేలో కలుపు అట్లాగే వదిలేసి నాలుగు రోజులూ దవాఖానలోనే ఉంది. అక్క ఒక పన్ను తక్కువగా, రెండు కళ్లూ సలక్షణంగా తిరిగి వచ్చింది. వచ్చిన రోజే వాళ్ల అమ్మ ఆమె చేతికి సూది, దారం ఇచ్చి ఎక్కించమంది. ఒక్క ప్రయత్నంలో ఎక్కించింది. ఊళ్లో ఇంకా నమ్మని వాళ్ల కోసం ఆ తల్లి ఆ పని చాలాసార్లు చేయించింది. ఆమె పెళ్లి గద్వాల సంబంధంతోనే జరిగింది.

అవ్వకు జరిగింది కూడా చెప్పాలి. చాలామంది ఆమెతో మునుపటిలా మాట్లాడలేదు. ఏటి అవతలి నుంచి జనం రావడం ఆగిపోయింది. వచ్చిన కొందరు కూడా, ఏదైతే అయింది పొగ పెట్టు అనేవారు, అవ్వ పెట్టకపోతే కోపంతో పోయేవారు. ఆ రోజు ఉమ్మేసి పోయిన పెద్దమనిషి మా వాకిలి ముందు నుంచి నడవడమే మానేశాడు. అవ్వ అవేవీ పట్టించుకోలేదని నేను చెప్పను. ఆమె బాధపడింది, నేను చూశాను. కానీ పొద్దున్నే ఎండ ముక్క వాకిట్లో పడగానే వాడకట్టు పిల్లలను నిలబెట్టి నోళ్లు తెరిపించేది. రాత్రి అన్నం తిన్నాక ఉప్పునీళ్లు పుక్కిలించని వాడికి కథ చెప్పేది కాదు. నల్ల మచ్చ కనబడితే ఆ పిల్లవాడి తల్లిని పిలిచి, నొప్పి లేవకముందే పోదాం పా అని వెంటపడేది. వాళ్లకు దూరం కంటే, డాక్టరు ఖర్చు కంటే, తెలియని చోటికి ఒంటరిగా పోవడమే పెద్ద అడ్డమని ఆమె కనిపెట్టింది. అందుకే ప్రతిసారీ తనూ బస్సెక్కేది. అట్లా ఎంతమందితో పోయిందో నాకు లెక్క తెలియదు. నా పుచ్చుపళ్లు రెండూ కూడా ఆ ప్రయాణాల్లోనే పోయాయి.

నేను పెరిగి ఉప్పునుంతల వైపు కోడలిగా పోయాను. అక్కడ చాలా ఏళ్లు అంగన్‌వాడీ టీచరుగా చేసి ఈ మధ్యనే రిటైరయ్యాను. ఇప్పుడు వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో ఎటు చూసినా పళ్ల డాక్టర్ల బోర్డులే. బడులకు కూడా అప్పుడప్పుడూ వచ్చి పిల్లల నోళ్లు చూసి పోతున్నారు. అయినా మన్ననూర్ అవతలి పెంటల నుంచి, అడవిలోని చెంచు గూడేల నుంచి, వచ్చే తల్లులు ఇవాళ్టికీ ఆ బోర్డు కింద మెట్ల దగ్గర ఆగిపోతారు. పైకి పోతే ఎవరితో ఏం మాట్లాడాలో వాళ్లకు తెలియదు.

నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు తల్లులు నన్ను అన్నీ అడిగేవారు, ఇప్పటికీ అడుగుతారు. పిల్లవాడికి దవడ వాచింది, ఏం రాయాలి టీచరమ్మా అని అడిగేవారు. నీకు తెలియనిదేముంది అనేవారు. ఆ మాట చెవిన పడగానే లోపల ఏదో ఉబ్బుతుంది. లవంగ నూనె రాయి, అది పెట్టు, ఇది పెట్టు అని ఏదో ఒకటి చెప్పి పంపాలనిపిస్తుంది. చెబితే వాళ్లు సంతోషంగా పోతారు, నా పేరు నిలుస్తుంది. అట్లాంటప్పుడు నాకు అవ్వ గుర్తుకొచ్చేది. ఒక వాకిట్లో, పదిమంది ముందు, సగం జీవితం పెట్టి సంపాదించిన పేరును తనే తన చేత్తో కింద పెట్టడం ఆమెకు ఎంత కష్టమైందో అప్పుడు నాకు తెలియలేదు.

నాకు తెలియదమ్మా అనే ఆ చిన్న మాట ఈ వయసులో కూడా నా నోటికి తేలిగ్గా రాదు. వచ్చిన ప్రతిసారీ కొంచెం సిగ్గుగానే ఉంటుంది. అయినా అనేస్తాను. అనేసి, చెప్పులు వేసుకుని, ఆ పిల్లవాడి రెండో చెయ్యి పట్టుకుని ఆ తల్లితో పాటు మెట్లు ఎక్కుతాను.